నాలుగు గీతలూ ఉన్నాయి, కాల్ మాత్రం కలవదు: అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఏ ఫోను, ఏ సిమ్?

మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు మా నాన్నగారి ఫోనులో సిగ్నల్‌కు లోటు లేదు. పైన నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి. గుంటూరు మిత్రబృందం పంపే శుభోదయం బొమ్మలు వాట్సాప్‌లో వచ్చినట్టే వచ్చి పడుతున్నాయి. మూడో రోజు సాయంత్రం నడకకు వెళ్లి, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ల మధ్య దారి తప్పారు. నాకు ఫోను చేద్దామంటే కాల్ కలవలేదు. నొక్కిన మరుక్షణం తెగిపోతోంది. వాట్సాప్ కాల్ చేయవచ్చని ఆ కంగారులో ఆయనకు తోచలేదు. చివరికి కుక్కను తిప్పుకుంటూ వస్తున్న ఒక పెద్దమనిషి ఫోను అడిగి చేశారు. "సిగ్నల్ నిండా ఉందిరా, మరి కాల్ ఎందుకు పోదు?" అని ఆయన అడిగితే ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. వారం తిరక్కుండానే సిమ్ ఇచ్చిన కంపెనీ నుంచి సందేశం వచ్చింది: ఈ ఫోను మా నెట్‌వర్క్‌కు సరిపడదు, సేవలు ఆపేస్తున్నాం అని.

ఆ తర్వాత అమ్మానాన్నలు మరో రెండుసార్లు వచ్చారు, మా అత్తమామలు రెండుసార్లు. తెలిసినవాళ్లలో ఎవరి తల్లిదండ్రులు బయల్దేరుతున్నా ముందు నాకు ఫోను రావడం మామూలైపోయింది. అందరూ అడిగేది ఏ రోమింగ్ ప్యాక్ వేయించాలని. నేను ఎదురు అడిగేవి రెండే: ఫోను ఏ మోడల్? ఎన్నాళ్లు ఉంటారు? ప్యాక్ సంగతి వీటి తర్వాతే.

నా లెక్క ముందే చెప్పేస్తాను. పది పదిహేను రోజుల ప్రయాణమైతే భారతీయ సిమ్ మీద రోమింగ్ ప్యాక్ చాలు, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. పర్యాటక వీసా మీద వచ్చి ఐదారు నెలలు ఉండేవారికి ఆ ప్యాక్ దండగ. ఇక్కడి సిమ్ తీసుకుని వాడుకోవాలి, అక్కడి సిమ్‌ను ఓటీపీల కోసం ప్రాణంతో ఉంచాలి. ఫోనుకు ఇక్కడ కాల్ చేసే యోగ్యత లేదని తేలితే మాత్రం ఏ సిమ్ కొన్నా డబ్బు నీళ్లపాలే.

ముందు ఫోను సంగతి

తెర మీది గీతలు చెప్పేది ఫోనుకు టవరు అందుతోందని మాత్రమే. ఆ టవరు మీదుగా మాట పోతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. 4జీ డేటా కోసం పుట్టిన నెట్‌వర్క్. మాటను కూడా డేటాగా మార్చి దాని మీద పంపించే ఏర్పాటు పేరు వోల్టీ. ఫోనుకు వోల్టీ రాకపోతే కాల్ వచ్చినప్పుడు ఒక మెట్టు కిందికి, అంటే 3జీకో 2జీకో దిగి మాట్లాడేది. 2016లో జియో వచ్చిన కొత్త గుర్తుందా? ఆ నెట్‌వర్క్‌కు 2జీ, 3జీ అనే కింది మెట్లే లేవు. అందుకే వోల్టీ లేని 4జీ ఫోన్లవాళ్లు మామూలు కాల్ చేయడానికి విడిగా ఒక యాప్ వేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు అమెరికా మొత్తం పరిస్థితి అదే. ఇక్కడి మూడు పెద్ద ఫోను కంపెనీల్లో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీని ఆపేసింది. టీ-మొబైల్ అదే ఏడాది మధ్యలో, వెరైజన్ డిసెంబరు 31న మూసేశాయి. దిగడానికి మెట్టు లేదు. వోల్టీ ఉంటేనే కాల్.

"మా ఫోనులో వోల్టీ ఉంది, హైదరాబాదులో వాడుతున్నాం కదా" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. వోల్టీ ఫోనులో ఉండటమే కాదు, ఏ కంపెనీతో ఎలా మాట్లాడాలో చెప్పే అమరికలు కూడా ఫోను సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. భారత్‌లో అమ్మే మోడల్‌లో జియో, ఎయిర్‌టెల్ అమరికలు తప్పకుండా ఉంటాయి. అమెరికా కంపెనీలవి పెట్టాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టం. అమెరికాలో అమ్మని బ్రాండ్ల ఫోన్లలో చాలావాటికి అవి ఉండవు. దీనికి తోడు ఏటీ అండ్ టీ తాను ఆమోదించిన ఫోన్ల జాబితా ఒకటి పెట్టుకుంది. అందులో మోడల్ నంబరు లేకపోతే, సాంకేతికంగా అన్నీ ఉన్నా లోపలికి రానివ్వదు. అమెరికా కంపెనీలు మూడింటిలో పరాయి దేశపు ఫోన్ల పట్ల కాస్త ఉదారంగా ఉండేది టీ-మొబైల్. అందుకే భారత్‌లో కొన్న ఆండ్రాయిడ్ ఫోనుతో వస్తున్నారంటే నేను మొదట చూసేది టీ-మొబైల్ మీద నడిచే సిమ్‌లనే.

ఇది బంధువులతో కబుర్లకు సంబంధించిన విషయం మాత్రమే అనుకోవద్దు. వోల్టీ లేని ఫోను నుంచి ఇక్కడి అత్యవసర నంబరు 911కు కూడా కాల్ వెళ్లకపోవచ్చు. ఆస్ట్రేలియా దీన్ని చట్టం దాకా తీసుకెళ్లింది. 2024 అక్టోబరు 28 నుంచి అక్కడ టెల్‌స్ట్రా, ఆప్టస్ 3జీని మూసేస్తూ, అత్యవసర నంబరు 000కు 4జీ మీద కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్ నుంచే తప్పించాయి. మెల్‌బోర్న్‌కో సిడ్నీకో చదువుకు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు ఈ వాక్యం మరోసారి చదువుకోవాలి.

ఇక బ్యాండ్లు. రేడియో తరంగాల పట్టీలను ముక్కలు చేసి నంబర్లు ఇచ్చారు. ఫోను ఏ నంబర్లు వినగలదో, టవరు ఏ నంబర్లలో పలుకుతుందో అవి కలవాలి. మన దగ్గర 4జీ ఎక్కువగా బ్యాండ్ 1, 3, 5, 8, 40, 41 మీద నడుస్తుంది, బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీకి 28 ముఖ్యం. 5జీకి ప్రధానమైనది ఎన్78. అమెరికాలో లెక్క వేరు: 2, 4, 5, 12, 13, 66, 71, ఆపైన 5జీకి ఎన్41, ఎన్71, ఎన్77. రెండు జాబితాల్లోనూ కనిపించేది దాదాపు 5 ఒక్కటే. 700 మెగాహెర్ట్జ్ అనే మాట రెండు దేశాల్లోనూ వినిపిస్తుంది గానీ మనది బ్యాండ్ 28, వాళ్లవి 12, 13, 14, 17. ఊరి పేరు ఒకటే, వీధులు వేరు.

వీటిలో ఏవి తప్పనిసరి? టీ-మొబైల్‌కు 2, 4 లేదా 66, 12 ఉండాలి, 71 ఉంటే మరీ మంచిది. 71 అంటే 600 మెగాహెర్ట్జ్. తరంగం పౌనఃపున్యం ఎంత తక్కువైతే అంత దూరం పోతుంది, గోడల్లోంచి కూడా బాగా దూరుతుంది. ఊరి బయట, దుకాణాల లోపల, ఇళ్ల బేస్‌మెంట్లలో తేడా తెలిసేది ఇక్కడే. వెరైజన్‌కు 13, 66 చూడాలి. ఏటీ అండ్ టీకి 2, 12, 66. ఇవి లేకపోయినా నగరం నడిబొడ్డున ఫోను పనిచేస్తున్నట్టే ఉంటుంది, ఊరు దాటగానే గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. 5జీ బ్యాండ్ల కోసం మాత్రం ప్రాణం తీసుకోవద్దు. తెలుగు సీరియల్, వీడియో కాల్, మ్యాపులు, వీటికి మంచి 4జీ చాలు.

చూసుకోవడం కష్టమేమీ కాదు. సెట్టింగ్స్‌లో ఫోను వివరాల దగ్గర మోడల్ నంబరు ఉంటుంది. పెట్టె మీది పేరు కాదు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ నంబరే కావాలి. ఒకే పేరుతో అమ్మే ఫోను భారత్‌లో ఒక నంబరుతో, అమెరికాలో మరో నంబరుతో, వేరే బ్యాండ్లతో ఉంటుంది. ఆ నంబరును జీఎస్ఎమ్ఎరీనా అనే సైట్‌లో వెతికితే బ్యాండ్ల జాబితా దొరుకుతుంది. తర్వాత డయలర్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు నంబరు, 15 అంకెలది వస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు వస్తాయి, రెండూ రాసుకోండి. సొంత ఫోను తెచ్చుకునేవారి కోసం అమెరికా కంపెనీలన్నీ తమ సైట్లలో ఐఎంఈఐ పరీక్షించే పేజీ పెట్టాయి. గుంటూరులో కూర్చునే అది చూసుకోవచ్చు. సరిపడదని వస్తే వాదించకండి. ఫోరమ్‌ల్లో చదివిన చిట్కాలతో వోల్టీని బలవంతంగా ఆన్ చేసే ప్రయత్నం మీరు మీ ఫోను మీద చేసుకోండి, డెబ్బై ఏళ్ల మనిషి ఫోను మీద వద్దు. పిల్లల సొరుగులో మూలుగుతున్న పాత ఐఫోను తీసి ఇవ్వడం అన్నిటికన్నా సులువు. భారత్‌లో కొన్న ఐఫోన్లతోనూ, పిక్సెల్‌లతోనూ ఈ పేచీలు తక్కువే.

రోమింగ్ ప్యాకా, ఇక్కడి సిమ్మా?

భారతీయ సిమ్ మీద రోమింగ్ ప్యాక్ గొప్పదనం ఒక్కటే: ఏమీ మార్చనక్కర్లేదు. అదే సిమ్, అదే నంబరు, విమానం దిగి ఫోను ఆన్ చేస్తే చాలు. డాలస్ విమానాశ్రయంలో పెట్టెల కోసం నిలబడ్డ అమ్మ "దిగాంరా" అని చెప్పగలగడం చిన్న విషయం కాదు. కానీ ధర వారానికి వేలల్లోకి వెళ్తుంది, నిమిషాలకు హద్దు ఉంటుంది. చాలా ప్యాకుల్లో వచ్చే కాల్స్ కూడా ఆ నిమిషాల్లోంచే తరుగుతాయని చాలామందికి తెలియదు. ఊళ్లో పిన్నిగారు పలకరింపుగా మామూలు కాల్ చేస్తే ఆవిడకు అయ్యేది స్థానిక ఖర్చే, ఇక్కడ ఎత్తినవారికి మాత్రం రోమింగ్ నిమిషం కరుగుతుంది. పైగా ఆవిడ ఉదయం 11కు తీరిగ్గా చేస్తే వేసవిలో డాలస్‌లో అర్ధరాత్రి పన్నెండున్నర. ప్యాక్ అయిపోయాక చాలాసార్లు ప్రామాణిక ధరలు మొదలవుతాయి. అవి నిమిషానికి ఎంతో మీ కంపెనీ సైట్‌లో ఒకసారి చూడండి, ఆ తర్వాత ఎవరూ పొరపాటున కూడా మర్చిపోరు.

దీనిలో ఇంకో రెండు గోతులున్నాయి. మొదటిది విమానం. కొన్ని విమానాల్లో ఏరోమొబైల్ లాంటి సొంత నెట్‌వర్క్ ఉంటుంది. అది అమెరికా ప్యాక్ కిందికి రాదు, ధర విడిగా, ఘనంగా ఉంటుంది. దోహాలోనో దుబాయిలోనో మారేదాకా, మారాక దిగేదాకా ఫోను ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉండాలి. రెండోది కాల్ ఫార్వార్డింగ్. ఎత్తకపోతే మరో నంబరుకు మళ్లేలా ఎప్పుడో పెట్టుకున్న అమరిక పరాయి దేశంలో రెండు వైపులా ఖర్చు తెచ్చిపెడుతుంది. బయల్దేరే ముందు ##002# నొక్కితే ఫార్వార్డింగులన్నీ రద్దవుతాయి.

ఇటీవల చాలామంది ప్రయాణపు ఈ-సిమ్‌ల గురించి అడుగుతున్నారు. యాప్‌లో కొంటే నిమిషంలో ఫోనులోకి దిగుతుంది, సిమ్ ముక్క అక్కర్లేదు. ఆఫీసు పనిమీద వారం రోజులు వచ్చేవారికి ఇది భేషుగ్గా ఉంటుంది. పెద్దవాళ్లకు నేను వద్దంటాను. వీటిలో చాలావాటికి ఫోను నంబరే ఉండదు, ఉత్త డేటా. మందుల దుకాణంవాళ్లు నంబరు అడుగుతారు, డాక్టరు ఆఫీసు నుంచి కాల్ వస్తుంది, పక్కింటి తెలుగువారు నంబరు ఇవ్వమంటారు. వీటిలో కొన్నింటికి మన ప్రభుత్వంతోనూ చిక్కు వచ్చింది. అవసరమైన అనుమతి లేదని టెలికాం శాఖ చెప్పడంతో 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లు భారత్‌లో యాప్ స్టోర్ల నుంచి మాయమయ్యాయి.

ఆరు నెలల లెక్కకు మిగిలేవి అమెరికా ప్రీపెయిడ్ సిమ్, లేదా పిల్లల కుటుంబ ప్లాన్‌లో అదనపు లైను. పెద్ద నెట్‌వర్కులు మూడే. వాటి మీద అద్దెకు నడిచే చిన్న కంపెనీలు డజన్లకొద్దీ ఉన్నాయి. మింట్, టెల్లో టీ-మొబైల్ మీద నడుస్తాయి, విజిబుల్ వెరైజన్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద. మింట్‌లో ప్లాన్లు చౌకే, కాకపోతే మూడు నెలలది ఒకేసారి కట్టాలి. ఆరు నెలల మనిషికి అది రెండుసార్లు కట్టడం, అంతే. టెల్లోలో నిమిషాలు ఎన్ని, డేటా ఎంత అన్నది మనమే ఎంచుకుని నెలనెలా మార్చుకోవచ్చు. ఇంట్లో వైఫై ఉండి బయటికి వారానికి రెండుసార్లు వెళ్లే నాన్నగారికి ఇంతకన్నా అక్కర్లేదు. ప్రీపెయిడ్ సిమ్ కొనడానికి మన దగ్గరలా ఆధార్, ఫొటో, వేలిముద్ర అడగరు. ముందే తెప్పించి విమానాశ్రయానికి వచ్చేటప్పుడు జేబులో వేసుకుని రండి.

మరి చౌక సిమ్‌కు, పెద్ద కంపెనీ పోస్ట్‌పెయిడ్‌కు తేడా ఏమిటి? తిరుమల వెళ్లినవారికి చెప్పనక్కర్లేదు. గుడి ఒకటే, స్వామి ఒక్కడే. సర్వదర్శనం క్యూ వేరు, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం క్యూ వేరు. టవరు దగ్గర రద్దీ లేనప్పుడు ఇద్దరికీ ఒకటే వేగం. స్టేడియంలోనో, దీపావళి మేళాలోనో జనం పోగైతే చౌక సిమ్‌వాళ్లను కాసేపు పక్కన నిలబెడతారు. పండుగ రోజు గుడి పార్కింగ్‌లో వీడియో కాల్ నత్తనడక నడిస్తే కారణం ఇదే. దీని కోసం నెలకు మూడింతలు కట్టడం నాకు సబబు అనిపించలేదు. అయితే పిల్లలకు ఇప్పటికే నాలుగు లైన్ల కుటుంబ ప్లాన్ ఉంటే ఐదో లైను ఎంత పడుతుందో ఒక్కసారి కనుక్కోండి. కొన్నిసార్లు అది చౌక సిమ్ ధరకు దగ్గరగానే వస్తుంది, పైగా బిల్లు ఒక్కటే.

కుంకుమ భరిణెలో సిమ్

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువమంది తప్పు చేసే చోటు. మొదటి ప్రయాణంలో నేనూ చేశాను. భోజనాల బల్ల మీద అమ్మ ఫోను పెట్టి, ఆవిడ గాజులకు తగిలించుకున్న పిన్నీసు అడిగి తీసుకుని, దానితో సిమ్ పెట్టె తెరిచి, భారతీయ సిమ్ బయటికి తీసి అమెరికా సిమ్ పెట్టాను. తీసిన సిమ్ పోతుందేమోనని అమ్మ కుంకుమ భరిణెలో దాచింది. నాలుగు నెలల తర్వాత ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరింది. దాన్ని కదపాలంటే ఓటీపీ కావాలి. భరిణె తెరిచి, ఎర్రబడ్డ సిమ్‌ను పైట చెంగుతో తుడిచి ఫోనులో పెడితే సేవ లేదు. రీఛార్జి గడువు ఎప్పుడో తీరిపోయింది, నంబరు పోయింది. బ్యాంకు శాఖకు స్వయంగా రావాలన్నారు. ఇరవై ఏళ్లుగా ఆవిడది అనుకున్న నంబరు అది.

ఎందుకిలా అవుతుందంటే, మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే తీసేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలో అంతకన్నా ఎక్కువో ఉంటే ఆ మేరకు కొనసాగే వెసులుబాటు ఉంది. ఆ సన్నని దారాన్ని నమ్ముకుని ఆరు నెలలు గడపడం కన్నా, బయల్దేరే ముందే ఉండబోయే కాలమంతటికీ సరిపడే రీఛార్జి చేయించడం మేలు. డేటా అక్కర్లేనివారికి కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. అలాంటి వోచర్ల గడువు పరిమితిని 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది కూడా. పరదేశంలో ఓటీపీల కోసం ఉంచే సిమ్‌కు అచ్చంగా సరిపోయే ప్యాక్ అదే.

తీసేసిన నంబరు కొంతకాలానికి ఇంకెవరికో వెళ్తుంది. అలాంటి నంబరును కనీసం 90 రోజులపాటు కొత్తవారికి ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టుకు ట్రాయ్ చెప్పింది. ఆ తర్వాత అది ఎవరి చేతిలో పడుతుందో మన చేతిలో లేదు. బ్యాంకు, ఆధార్, వాట్సాప్ అన్నీ ఆ పది అంకెలకే వేలాడుతున్నాయని మర్చిపోవద్దు.

ఇప్పుడు మేం చేసే పద్ధతి ఇది. రెండు సిమ్‌ల ఫోనులో ఒకటి అక్కడిది, ఒకటి ఇక్కడిది. డేటాకూ కాల్స్‌కూ ఇక్కడి సిమ్‌ను నిర్ణయించి, భారతీయ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేస్తాం, సిమ్‌ను మాత్రం ఆపం. ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గితే రెండోదాని డేటాకు తనంతట తానే మారే అమరిక కొన్ని ఫోన్లలో ఉంటుంది, దాన్నీ ఆపాలి. ఓటీపీ మామూలు ఎస్ఎంఎస్‌గానే వస్తుంది. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లకు మన ప్రైవేటు కంపెనీలు సాధారణంగా డబ్బు తీసుకోవు. అయితే అది రావాలంటే అంతర్జాతీయ రోమింగ్ అనే సేవ ఖాతాలో ముందే ఆన్ అయి ఉండాలి. ఫోను సెట్టింగ్స్‌లోని డేటా రోమింగ్ మీట వేరు, కంపెనీ దగ్గర ఉండే ఈ సేవ వేరు. రెండోదాన్ని ఊళ్లో ఉండగానే యాప్‌లో ఆన్ చేయించాలి. అమెరికా దిగాక చేద్దామంటే దానికీ ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ రోమింగ్ లేక రాదు. కుక్క తన తోకను తరిమినట్టే.

ఒక సిమ్‌కే చోటున్న ఫోనైతే అక్కడి సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చుకోవచ్చు. ఇదీ ముందే, కనీసం పది రోజుల ముందు. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగిపోతాయి, మోసాలు జరగకుండా పెట్టిన నియమం అది. శంషాబాద్ లాంజ్‌లో కూర్చుని ఈ-సిమ్‌గా మార్చుకున్నవారు ఆ 24 గంటలూ బ్యాంకు ఓటీపీలు రాక అవస్థపడతారు. మీరు బ్యాంకుకు ఇచ్చిన నంబరు బీఎస్ఎన్ఎల్‌దైతే అమెరికాలో ప్రీపెయిడ్ మీద రోమింగ్ ఉందో లేదో కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో స్పష్టంగా అడగండి. లేదంటే నంబరు మారకుండా వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోండి. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. 2024 జులై 1 నుంచి సిమ్ మార్చాక ఏడు రోజుల దాకా పోర్ట్ చేయనివ్వరు. అందుకే టికెట్లు కొన్న వారంలోనే ఈ పని చూసుకోమంటాను.

కవరేజీ పటం, నయాగరా

ఏ నెట్‌వర్క్ మంచిది అని అడిగితే ఏ ఊళ్లో అని అడగాలి. కంపెనీల పటాలు రంగు పూసినంత ఉదారంగా టవర్లు వేసి ఉండవు. పిల్లలు ఉండే ఇంట్లో, ముఖ్యంగా మేడ మీది గదిలో, వాళ్ల స్నేహితుల ఫోన్లు ఎలా పనిచేస్తున్నాయో చూడటం అన్ని పటాలకన్నా నమ్మకమైన పరీక్ష. స్థూలంగా చెప్పాలంటే నగరాలు, శివార్లలో టీ-మొబైల్ చాలు. కొండలు, అడవులు, దూరపు రహదారులు ఎక్కువగా తిరిగేవారికి వెరైజన్ వైపు మొగ్గు చూపుతాను. యెల్లోస్టోన్ జాతీయ పార్కులో చాలాచోట్ల ఎవరి సిగ్నలూ ఉండదు, మ్యాప్‌ను ముందే ఫోనులోకి దించుకోవాలి. ఇంకో సంగతి. తమ టవరు లేని చోట పక్క కంపెనీ టవరు వాడుకునే దేశీయ రోమింగ్ పెద్ద కంపెనీల పోస్ట్‌పెయిడ్‌కు ఉంటుంది, చౌక సిమ్‌లకు చాలాసార్లు ఉండదు. పటం చూసేటప్పుడు అసలు కంపెనీది కాదు, మీరు కొనే చిన్న కంపెనీ పటం చూడండి.

అమెరికా వచ్చిన తెలుగు తల్లిదండ్రుల్లో నయాగరా చూడకుండా తిరిగి వెళ్లేవారు అరుదు. అక్కడ నది అవతలి ఒడ్డు కెనడా. జలపాతం రెయిలింగ్ పట్టుకుని అమెరికా వైపే నిలబడినా ఫోను అవతలి టవరును పట్టుకుంటుంది. "కెనడాకు స్వాగతం" అనే సందేశం చూసి మా మామగారు, "మనం సరిహద్దు దాటేశామా, వీసా లేదే" అని నిజంగానే కంగారుపడ్డారు. కెనడా కూడా కలిసి ఉన్న ప్లాన్ అయితే నవ్వుకోవచ్చు. అమెరికాకే పరిమితమైన రోమింగ్ ప్యాక్ అయితే జలపాతం ఫొటోలు పంపినంతసేపూ మీటరు తిరుగుతుంది. ఆ రోజుకు నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి తప్పించి మీ కంపెనీ పేరును చేత్తో ఎంచుకోండి.

వేరే దేశాలకైతే

గల్ఫ్‌కు వెళ్లేవారికి ఈ బ్యాండ్ల బాధ దాదాపు లేదు. భారత్‌లో కొన్న ఫోనులోని బ్యాండ్ 3, ఎన్78 అక్కడా నడుస్తాయి. చూసుకోవాల్సింది వేరే ఉంది: యూఏఈలో వాట్సాప్ ద్వారా సందేశాలు వెళ్తాయి గానీ కాల్స్ వెళ్లవు. అక్కడ బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ కావాలి, దాన్ని కరీంనగర్‌లో ఇంట్లోవాళ్ల ఫోనులో కూడా వేసి వెళ్లాలి. సౌదీ ఇంటర్నెట్ కాల్స్ మీద ఇలాంటి నిషేధాన్ని 2017లోనే సడలించింది.

ఐరోపాకు వెళ్లే విద్యార్థులకు ఒక మేలు ఉంది. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు సిమ్‌ను మరో దేశంలో సొంత ధరకే వాడుకోవచ్చు. జర్మనీలో కొన్న సిమ్ పారిస్‌లోనూ పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ ఆ ఏర్పాటులో లేదు. రైల్లో నిద్రపోయి సరిహద్దు దాటినవారికి అది బిల్లులో తెలుస్తుంది.

తిరుగు ప్రయాణంలో పెట్టెలోకి ఎక్కే ఐఫోను

వెళ్లేటప్పుడు పిల్లలు తమ పాత ఐఫోను అమ్మానాన్నలకు ఇచ్చి పంపడం రివాజు. రెండు విషయాలు చూడకుండా పంపవద్దు. కంపెనీ దగ్గర వాయిదాల మీద కొన్న ఫోను సాధారణంగా వాయిదాలు తీరేదాకా ఆ కంపెనీకి లాక్ అయి ఉంటుంది, భారత్‌లో ఏ సిమ్ వేసినా పలకదు. ఐఫోనులో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ లోకి వెళ్తే క్యారియర్ లాక్ అనే వరుస ఉంటుంది. సిమ్ ఆంక్షలు లేవని అక్కడ రాసి ఉంటేనే పెట్టెలో పెట్టండి. ఇక్కడ ఉండగా లాక్ తీయించడం ఒక ఫోను కాల్ పని, అక్కడికి వెళ్లాక అది నెలల పని.

రెండోది, అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14, దాని తర్వాతి మోడళ్లకు సిమ్ పెట్టే చోటే లేదు. పోయినసారి మా అమ్మ గుంటూరు చేరిన రాత్రి వీడియో కాల్‌లో పిన్నీసు చేతపట్టుకుని ఫోను నాలుగు అంచులూ తడిమి చూస్తోంది, చిల్లు ఎక్కడా కనిపించక. దానికి ఈ-సిమ్ ఒక్కటే దారి. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఇస్తాయి. పాత ఫోనులో సిమ్ పనిచేస్తుండగానే అడగాలి, మార్చిన తర్వాతి 24 గంటల్లో బ్యాంకు పని పెట్టుకోకూడదు. పాత ఫోనును ఆ ఒక్క రోజూ ఎవరికీ ఇచ్చేయవద్దని అమ్మకు రెండుసార్లు చెప్పాను. మర్నాడు పొద్దున్నే దాన్ని పనిమనిషి కొడుక్కి ఇచ్చేసింది.